కరుణ వదిలి వెళ్ళిన మూడో గది

దయ్యాల కథలు చెప్పే పిల్లల్ని నేను బడిలో బెంచీ ఎక్కించేదాన్ని. ముప్పై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు, లెక్కలు చెప్పాను. ఆదివారం తప్పకుండా చర్చికి వెళతాను. పోయినవాళ్ళు దేవుడి దగ్గర ఉంటారు, మన చుట్టూ తిరగరు అని మా నాన్న చిన్నప్పుడు చెప్పిన మాట మీద ఇప్పటికీ నిలబడే ఉన్నాను. పైగా ఇది చనిపోయిన మనిషి సంగతి కాదు. ఇదంతా జరుగుతున్నప్పుడు ఆ అమ్మాయి బతికే ఉంది.

నేను చూసింది చూశానని, ఇతరులు చెప్పింది చెప్పారని విడివిడిగా రాస్తాను. తేదీలు నా దగ్గర ఉన్నాయి. చదివేవాళ్ళకు వాటితో పనిలేదు కాబట్టి వారాలు మాత్రమే చెబుతాను.

అటు హైటెక్ సిటీలో అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. ఆ మేడల్లో చోటు దొరకని పిల్లల కోసం ఇటు సికింద్రాబాదులో చిన్న చిన్న ఆఫీసులు వెలిశాయి. మాది కార్ఖానా అనే పేటలో, ఒక ఫర్నిచర్ దుకాణం పై అంతస్తులో ఉండేది. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక తమ మాటల్ని రికార్డు చేసి పంపేవాళ్ళు. మా పిల్లలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆ మాటలు వింటూ టైపు చేసేవాళ్ళు. వాళ్ళ తప్పులు దిద్దే పని నాది. రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేకపోతున్నానని నన్ను అక్కడ చేర్పించింది కరుణ.

కరుణ నా దగ్గర చదువుకున్న పిల్ల. తండ్రి లేడు. తల్లి అన్నమ్మ రాంగోపాల్‌పేట్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. ఇంటికి ఆ పిల్ల ఒక్కతే. ఇరవై మూడేళ్ళది, చెయ్యి చురుకు, నోరు అంతకంటే చురుకు.

మా ఆఫీసులో మనుషులు ఎక్కువ, కంప్యూటర్లు తక్కువ. అందుకని ఒక్కో కంప్యూటర్‌ను ముగ్గురం వంతులవారీగా వాడుకునేవాళ్ళం. ఒకరి పని ఇంకొకరి పనితో కలిసిపోకుండా మా సిస్టమ్స్ కుర్రాడు ఇంతియాజ్ ఒక ఏర్పాటు చేశాడు. తెర ఒక్కటే గానీ దాని వెనక నాలుగు డెస్క్‌టాప్‌లు ఉంటాయి. రెండు మీటలు నొక్కిపట్టి బాణం గుర్తు నొక్కితే ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్ళొచ్చు. ఒకదాంట్లో తెరిచిన విండోలు ఇంకోదాంట్లో కనబడవు.

"ఇల్లు ఒక్కటే మేడమ్, గదులు నాలుగు. ఎవరి గదిల వాళ్ళుండుండ్రి, లడాయే ఉండదు" అన్నాడు ఇంతియాజ్.

అప్పటినుంచి మేం వాటిని గదులనే అన్నాం. మా కంప్యూటర్లో మొదటి గది నాది. రెండోది శ్రీకాకుళం నుంచి వచ్చిన వసంతది. మూడోది కరుణది. నాలుగోది ఖాళీ. మా మధ్య ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి వంతు అయిపోయినా కంప్యూటర్ ఆపకూడదు. ఒకరి గదిలో విండోలు ఇంకొకరు ముట్టకూడదు. పొరపాటున ఏదైనా మూసుకుపోతే మళ్ళీ తెరిచి, ఎక్కడిది అక్కడ పెట్టాలి. ఈ మూడో నియమం పెట్టింది నేనే.

"టీచర్, మీ గదిలకు రావాలంటే చెప్పులిడిశి రావాల్నా?" అని కరుణ ఆటపట్టించేది.

"కాళ్ళు కూడా కడుక్కోవాలి" అనేదాన్ని.

"అలగైతే నా గదికి రండి టీచరుగారూ, అక్కడ తుడిచినోళ్ళే నేరు" అనేది వసంత.

తెర కింద కుడి మూలన నాలుగు చిన్న గళ్ళు ఉండేవి, నాలుగు గదులకు గుర్తుగా. ఏ గదిలో ఎన్ని విండోలు తెరిచి ఉంటే ఆ గడిలో అన్ని బుల్లి చతురస్రాలు కనబడతాయి. మన గదిలో పని చేసుకుంటూనే పక్క గదిలో ఏమేం తెరిచి ఉన్నాయో తెలుసుకోవచ్చు. ఇది గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే నేను చూసిందంతా ఆ మూలనే.

కరుణ పని ముగించే పద్ధతి మా అందరికీ తెలుసు. ముందు డిక్షనరీ మూసేది. తరవాత మందుల పేర్ల పట్టిక. తరవాత డాక్టరు గొంతు వినిపించే ప్లేయరు. టైపు చేసిన పేజీ ఆఖరున మూసి, లేచి, బ్యాగు తగిలించుకునేది. ఆ వరస తప్పడం నేను చూడలేదు.

ఒక సోమవారం సాయంత్రం పని సగంలో ఉండగా హాస్టల్లో తల్లికి జ్వరంగా ఉందని ఫోనొచ్చింది. "రేపొచ్చి పూర్తి చేస్త, ముట్టకుండ్రి" అని నాలుగు విండోలూ అలాగే వదిలేసి వెళ్ళిపోయింది. మర్నాడు మధ్యాహ్నం డ్యూటీకి వస్తుంటే కార్ఖానా మెయిన్ రోడ్డు మీద లారీ ఆమె స్కూటీని కొట్టింది. తలకు దెబ్బ. ఒంటి మీద పెద్ద గాయాలు లేవు. కళ్ళు మాత్రం తెరవలేదు.

బుధవారం నేను ఆసుపత్రికి వెళ్ళాను. గొంతులోకి గొట్టం వేసి మిషను మీద ఊపిరి ఆడిస్తున్నారు. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తప్ప ఎవర్నీ లోపలికి రానివ్వరు. మిగతా సమయమంతా అన్నమ్మ తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూస్తూ నిలబడేది. అక్కడినుంచి పిల్ల కాళ్ళు మాత్రమే కనబడేవి.

గురువారం మధ్యాహ్నం, అన్నం తినడానికి లేవబోతూ మూల వైపు చూశాను. మూడో గడిలో నాలుగు చతురస్రాలు ఉండాలి. నా కళ్ళ ముందే ఒకటి మాయమైంది.

కంప్యూటర్ ముందు నేను తప్ప ఎవరూ లేరు. నా రెండు చేతులూ ఒడిలో ఉన్నాయి. కరుణ గదికి వెళ్ళి చూశాను. డిక్షనరీ లేదు. పాత కంప్యూటర్, దానంతటదే మూసుకుపోయి ఉంటుందనుకున్నాను. నియమం ప్రకారం డిక్షనరీ మళ్ళీ తెరిచి, కరుణ పెట్టుకునే చోటే, ఎడమ పక్కన కింద పెట్టాను. టిఫిన్ బాక్సు తీసుకుని వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రం ఆసుపత్రిలో అన్నమ్మ చెప్పిన మాట ఇది.

"పొద్దున్నుంచి మంచిగ పన్నట్టుండె టీచరమ్మా. మొఖం తేటగుండె. అన్నాలేళకు ఏమైందో, ఒక్కపారి గుంజినట్టు లేశింది. గొట్టం కొరుకుతది, చేతులు కొట్టుకుంటది. నలుగురు బట్టిండ్రు. నర్సమ్మ తలుపు దీస్తే నేను గూడ జూసిన."

అప్పుడు నేను దాన్నీ దీన్నీ కలపలేదు. కలపవలసిన కారణం నాకు కనబడలేదు.

శుక్రవారం మళ్ళీ మొదటి చతురస్రం పోయింది. నేను చూస్తుండగానే రెండోది కూడా పోయింది. వెళ్ళి చూస్తే డిక్షనరీ, మందుల పట్టిక, రెండూ లేవు. ఈసారి ఇంతియాజ్‌ను పిలిచాను. ఆ కుర్రాడు పనిమంతుడు, నవ్వులాటగా తీసుకోలేదు. బయటినుంచి ఎవరైనా లోపలికి వస్తున్నారేమోనని నెట్‌వర్క్ వైరు పీకేశాడు. కీబోర్డు, మౌసు మార్చాడు. నేను రెండు విండోలూ తెరిచి పెట్టాను. ఇద్దరం కరుణ గదిలోనే ఉండి చాలాసేపు చూశాం. ఏదీ కదల్లేదు. నా గదికి వచ్చాం. వైరు పీకే ఉంది. మూలన ఒక చతురస్రం పోయింది. ఆ వెనకే రెండోది.

ఇంతియాజ్ కుర్చీ వెనక్కి జరిపాడు. "మేడమ్, మనం ఆ గదిల ఉంటే బంద్ అయితలేదు. బయటికొస్తేనే అయితుంది. గిట్ల నేనెన్నడు జూడలే" అన్నాడు. "రీస్టార్ట్ చేద్దామా?" అని అడిగాడు.

"వద్దు" అన్నాను. ఎందుకు వద్దన్నానో ఆ నిమిషాన నాకే తెలియదు. రెండు విండోలూ మళ్ళీ తెరిచి, ఎక్కడివక్కడ పెట్టాను.

వసంత ఆ రోజునుంచి ఆ కంప్యూటర్ దగ్గర కూర్చోలేదు. "నానైతే కూకోను టీచరుగారూ. ఆ పిల్ల పని సర్దుకుని ఎలిపోతంది. మీరేటో మల్లీ మల్లీ ఎనక్కి పిలుస్తన్నారు" అంది.

పిచ్చిమాటలు మాట్లాడకమ్మా అని కసిరాను. కానీ సాయంత్రం ఆసుపత్రిలో అన్నమ్మ నోరు తెరవకముందే ఏం చెబుతుందో నాకు తెలిసిపోయింది. ఆ రోజు రెండుసార్లు. రెండుసార్లూ పిల్ల నెమ్మదించింది, రెండుసార్లూ గుంజినట్టు లేచి కొట్టుకుంది. చేతులు మంచానికి గుడ్డలతో కట్టేశారు. అద్దంలోంచి చూస్తే కాళ్ళు ఇంకా వణుకుతున్నాయి. డాక్టరును అడిగితే, తలకు దెబ్బ తగిలినవాళ్ళకు ఇలా అవుతూనే ఉంటుందన్నాడు. ఆయన మాట కూడా ఇక్కడ రాయడం న్యాయం.

శనివారం డిక్షనరీ పోయింది. పట్టిక పోయింది. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. నా నియమాన్ని నేనే మొదటిసారి తప్పాను. మధ్యాహ్నమంతా మూడో గడిలో రెండు చతురస్రాలే ఉన్నాయి.

సాయంత్రం అన్నమ్మ ముఖంలో ఎన్నడూ లేని తేట కనబడింది. "ఇయ్యాల ఒక్కపారి గూడ కొట్టుకోలే టీచరమ్మా. చంటిపిల్ల లెక్క పన్నది" అంది. ఆమె పక్కనుంచి నన్ను లోపలికి పిలిచి డాక్టరు చెప్పింది వేరు. నాడి తగ్గుతోందట. బీపీ నిలవడం లేదట. తల్లికి మెల్లగా చెప్పమన్నాడు.

అప్పుడు నాకు భయం వేసింది. దయ్యమని కాదు. తెరిస్తే ఆ పిల్ల నరకయాతన పడుతుంది. తెరవకపోతే వెళ్ళిపోతుంది. ఇది నిజం కాకపోతే నేనొక వెర్రి ముసలిదాన్ని, అంతే. నిజమైతే మాత్రం, ఆ గది నాది కాదు. అందులో ఏది ఉండాలో ఏది పోవాలో చెప్పే హక్కు నాకు లేదు.

ఆసుపత్రి బెంచీ మీద అన్నమ్మ పక్కన కూర్చుని అంతా చెప్పాను. డాక్టరు మాటా చెప్పాను. కంప్యూటర్ సంగతి సగం కూడా అర్థం కాదనుకున్నాను. ఆమె మధ్యలో ఒక్కసారే అడ్డొచ్చింది.

"మనం ఆ గదిల ఉండి జూస్తుంటే అది కదలదా?"

"ఇప్పటిదాకా కదల్లేదు."

"మరి నేనొచ్చి కూసుంట" అంది.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి నేరుగా ఆసుపత్రికి పోయి, ఆమెను తీసుకుని ఆఫీసుకు వెళ్ళాను. సెలవు కాబట్టి ఎవరూ లేరు. తాళం తీసింది ఇంతియాజ్. మా మేనేజరు గదిలో ఫోను ఉంది, ఆ నంబరు అన్నమ్మ తమ్ముడి చేతికిచ్చి అతణ్ణి ఆసుపత్రిలో ఉంచి వచ్చాం.

కరుణ గది తెరిచాను. ప్లేయరు, పేజీ, రెండే ఉన్నాయి. అన్నమ్మ కుర్చీ అంచున కూర్చుంది.

"గింతేనా?" అంది. "రోజంత గిండ్లనేనా ఉండేది నా బిడ్డ?"

"ఇందులోనే."

"ఏం రాశింది?"

చదివి చెప్పాను. అమెరికాలో ఎవరో పెద్దాయనకు మోకాలి ఆపరేషన్ చేశారు. గాయం మానింది, జ్వరం లేదు, కర్ర సాయంతో నడుస్తున్నాడు. అక్కడ వాక్యం సగంలో ఆగింది.

"మంచిగైండా?"

"అయినట్టే ఉంది."

"సంతోషం" అంది. ఆ మాట వెటకారంగా అనలేదు. నిజంగానే అంది.

ఆ తరవాత తెర వైపే చూస్తూ కూర్చుంది. ఇంతియాజ్ ఇరానీ చాయ్ తెచ్చి ముందు పెట్టాడు. అది మీగడ కట్టింది. ఆసుపత్రికి వెళ్ళి అద్దంలోంచైనా చూద్దామా అన్నాను. తల అడ్డంగా ఊపింది. "ఆడ కాళ్ళే కనబడ్తయి. గీడ పక్కన కూసున్నట్టుంది" అంది.

విండోలు రెండూ కదల్లేదు. ఇది నేను చూశాను, ఇంతియాజ్ చూశాడు.

మధ్యాహ్నం దాటాక మేనేజరు గదిలో ఫోను మోగింది. అన్నమ్మ లేవలేదు, నన్ను వెళ్ళమంది. ఆమె తమ్ముడు. గుండె ఆగుతోందట, డాక్టర్లు రొమ్ము మీద నొక్కుతుంటే మళ్ళీ కొట్టుకుంటోందట, మళ్ళీ ఆగుతోందట. పొద్దున్నుంచీ ఇదే వరస. ఎముక విరిగినట్టుంది అంటున్నారు, ఇంకా చెయ్యమంటారా అని అడుగుతున్నారు, అక్కను అడిగి చెప్పండి అన్నాడు.

ఫోను పక్కన పెట్టి వచ్చి, విన్నది విన్నట్టు చెప్పాను. కలపలేదు, తగ్గించలేదు.

అన్నమ్మ తెర మీదనుంచి చూపు తిప్పకుండానే విన్నది. చాలాసేపు రెప్ప వెయ్యకుండా చూసిందేమో, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పొద్దున్నుంచా?" అంది.

"పొద్దున్నుంచే అంటున్నాడు."

"నేనొచ్చి కూసున్నకాంచి."



ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. తెరను ముట్టుకోబోయి, పాడవుతుందేమోనన్నట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది.

"టీచరమ్మా, నీ గదికి పో."

"అన్నమ్మా, ఆలోచించు. ఇది నా భ్రమే కావచ్చు. నేను చెప్పానని..."

"నువ్వు జెప్పినవని గాదు. అది పోనీకి సిగ్గుపడ్తుంది. నేను ఎదురుంగ కూసుంటే ఎట్ల పోతది?" అంది. "జల్ది పో. మల్ల నా మనసు మారుతది."

రెండు మీటలు నొక్కిపట్టి బాణం గుర్తు నొక్కాను. కరుణ గది పోయి వసంత గది వచ్చింది. ఇంకోసారి నొక్కాను. నా గది వచ్చింది, శనివారం నేను దిద్దుతూ వదిలేసిన కాగితాలతో.

మూల ఎక్కడుందో ఆమెకు వేలుతో చూపించాను. ముగ్గురం చూశాం. మూడో గడిలో రెండు చతురస్రాలు. కాసేపటికి చిన్నది పోయింది. ప్లేయరు అది. రెండోది ఉండిపోయింది. ఎంతసేపు ఉందో నేను గడియారం చూసుకోలేదు. నా జీవితంలో చూసుకోవలసిన వేళ చూసుకోనిది అదొక్కసారే. ఇంతియాజ్ నోట్లో ఏదో దువా చదువుతున్నాడు. అన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆమె వదలకముందే ఆ చతురస్రం పోయింది.

పక్కన పెట్టిన ఫోనులోంచి అన్నమ్మ తమ్ముడి ఏడుపు ఈ గదిదాకా వినబడింది.

నాకు చెప్పిన కారణాలు కూడా రాయాలి. ఇంతియాజ్ మర్నాడు ఆ కంప్యూటర్‌ను విప్పాడు. లోపల ఒక భాగం పాడైందని, దానివల్ల ప్రోగ్రాములు వాటంతటవే మూసుకుపోవచ్చని అన్నాడు. అలా అంటూ నా ముఖం వైపు చూడలేదు. పాడైన యంత్రానికి కరుణ వరస ఎలా తెలిసిందని అడిగితే, "మాలూమ్ నహీ మేడమ్" అన్నాడు. ఇంకొకటి. ఆ పేజీ సేవ్ చేసి లేదు. సేవ్ చెయ్యని పేజీని మూస్తే, సేవ్ చెయ్యాలా అని ఆ ప్రోగ్రాము అడగకుండా ఉండదు. ఆ రోజు అడగలేదు. డాక్టరు దగ్గరకు కూడా వెళ్ళాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. మెదడులో వాపు పెరుగుతూ తగ్గుతూ ఉంటే మనిషి నెమ్మదించడం, కొట్టుకోవడం మామూలే అన్నాడు. మీరు విండోలు తెరిచిన వేళలు కలవడం కాకతాళీయం అన్నాడు. కావచ్చు. లెక్కలు చెప్పినదాన్ని కాబట్టి కాకతాళీయం అంటే ఏమిటో నాకు తెలుసు. అది ఎంతవరకు సాగుతుందో కూడా తెలుసు.

ఆ మోకాలి పెద్దాయన రిపోర్టు ఇంకా రాలేదని అమెరికా నుంచి అడిగారు. డాక్టరు గొంతు మళ్ళీ విని మొదటినుంచీ నేనే టైపు చేసి పంపాను.

కరుణ పోయిన మర్నాడే, సోమవారం సాయంత్రం సమాధి కార్యక్రమం జరిగింది. పాస్టరుగారు ప్రార్థన ముగించారు. పెట్టెను తాళ్ళతో కిందికి దించే వేళ ఆడవాళ్ళంతా ఆఖరిచూపు కోసం ముందుకు తోసుకున్నారు. అన్నమ్మ మాత్రం వెనక్కి తిరిగి, గోడ వైపు ముఖం పెట్టి నిలబడింది. తల్లివి, పిల్లను చూసుకోవా అని ఎవరో అన్నారు. అన్నమ్మ నా భుజం పట్టుకుని నన్ను కూడా గోడ వైపు తిప్పింది.

ఇద్దరం అలాగే నిలబడ్డాం. మా వెనక మట్టి పడుతున్న చప్పుడు ఆగేదాకా తిరగలేదు. ఆ ఆదివారం నేను చూసిందేమిటో ఇప్పటికీ చెప్పలేను. తిరిగి చూడకపోవడమే సరైనదని మాత్రం, ఏ ఆధారం లేకుండానే, ఆ నిమిషాన నాకు గట్టిగా తెలుసు.